బాదంపప్పుతో వేరే దేశాల్లో తరతరాలుగా చేసుకునే వంటలు ఏమున్నాయి?

గోదారి_వంటిల్లు (ప్రశ్న):

అందరికీ నమస్కారం అండి. మా తమ్ముడు కాలిఫోర్నియా నుంచి సంక్రాంతికి వచ్చాడు, ఎప్పట్లాగే సూట్‌కేసులో సగం బాదంపప్పు ప్యాకెట్లే, ఇప్పుడు మా ఫ్రిజ్‌లో ఒక అర మొత్తం అవే ఉన్నాయి. మా ఇంట్లో బాదం అంటే తెలిసిందే కదా, రాత్రి నానబెట్టడం పొద్దున తొక్క తీసి పిల్లల చేతిలో నాలుగు పెట్టడం, ఎండాకాలం వస్తే బాదం పాలు, ఎవరైనా ముఖ్యమైన చుట్టాలొస్తే హల్వా, అక్కడితో ఆగిపోతాం.

నాకేం తెలుసుకోవాలనుందంటే, బాదం ఎప్పట్నుంచో తింటున్న దేశాల్లో దాంతో ఏం చేసుకుంటారా అని. యూట్యూబ్‌లో కనిపించే కీటో రొట్టెలు, కొత్త రకం కేకులు వద్దు. వాళ్ళ నాయనమ్మలు అమ్మమ్మలు పండక్కి చేసేవి కావాలి, ఏ పండక్కి చేస్తారో, అందులో బాదమే ఎందుకు వేస్తారో కూడా చెప్తే ఇంకా సంతోషం, ఎందుకంటే ఈ సెలవుల్లో మా పిల్లలు ఆడపడుచు పిల్లలు అందరూ ఇక్కడే ఉంటారు, తినిపిస్తూ ఆ దేశం గురించి నాలుగు ముక్కలు చెప్తే వాళ్ళకి ఎప్పటికీ గుర్తుండిపోతుంది.

మా అత్తగారు గుడ్డు తినరు. చిన్న ఓటీజీ ఉంది, మిక్సీ ఉంది. గుడ్డు పడేవి కూడా చెప్పండి, పిల్లలకి విడిగా చేస్తా. బయట దేశాల్లో ఉన్న మనవాళ్ళు అక్కడి వాళ్ళ ఇళ్ళల్లో తిన్నవి ఉంటే తప్పకుండా రాయండి ప్లీజ్.


హాంబర్గ్_బుజ్జి:

అక్కా నేను హాంబర్గ్‌లో ఉంటా. ఇక్కణ్ణుంచి రైల్లో ముప్పావుగంట వెళ్తే ల్యూబెక్ అని ఒక పాత రేవు పట్నం, బాదం అన్నారు కాబట్టి నేను అక్కడితోనే మొదలుపెడతా. ఆ ఊరు మార్జిపాన్‌కి పేరు. బాదం, చక్కెర, అంతే, రెండూ కలిపి మెత్తటి ముద్ద. 1806లో మొదలైన నీదరెగ్గర్ షాపు ఇప్పటికీ టౌన్‌హాల్ ఎదురుగానే ఉంది, క్రిస్మస్ ముందు లోపల నిలబడ్డానికి చోటు దొరకదు. యాపిల్, క్యారెట్, బంగాళదుంప, పందిపిల్ల, ఏ ఆకారం కావాలంటే ఆ ఆకారం ఆ ముద్దతోనే చేసి రంగులద్ది పెడతారు. కొత్త సంవత్సరానికి మార్జిపాన్ పందిపిల్ల ఇస్తే ఏడాదంతా కలిసొస్తుందని జర్మనీ మొత్తం నమ్మకం.

ఊళ్ళో ఒక కథ చెప్తారు, 1407లో కరువొచ్చి గోధుమలు అయిపోతే గోదాముల్లో మిగిలిన బాదంతో రొట్టె చేశారని. స్పెయిన్‌లో టొలెడో వాళ్ళు కూడా అచ్చంగా ఇదే కథ చెప్పుకుంటారు, వాళ్ళ లెక్కలో అది 1212, ఒక మఠంలో సన్యాసినులు చేశారంటారు. నాకు మాత్రం ల్యూబెక్ కథ నమ్మబుద్ధి కాదు, ఆ చలిలో బాదం పండదు చెరుకూ పండదు, రెండూ దూరం నుంచి ఓడల్లో రావాల్సిందే, అప్పట్లో మార్జిపాన్‌ని మందుల షాపుల్లో అమ్మేవాళ్ళు, అంత ఖరీదైన సరుకు కరువులో ఎవరికి దొరుకుతుంది చెప్పండి.

సరే చేసే పద్ధతి. మనం బాదం కట్లీకి పప్పు నానబెట్టి పాలు పోసి రుబ్బి పాకంలో వేసి తిప్పుతాం కదా, ఇక్కడ అలా కాదు. తొక్క తీసిన పప్పుని చక్కెరతో కలిపి నలిపి, ఆ ముద్దని రాగి కళాయిల్లో వేడి చేస్తారు, పాకం అనేదే ఉండదు. అందుకే దాంట్లో బాదం రుచి పచ్చిగా, ఘాటుగా తెలుస్తుంది. ఇంట్లో చేసుకోవడానికి 200 గ్రాముల బాదం, 150 గ్రాముల చక్కెర పొడి, రెండు చెంచాల రోజ్‌వాటర్ చాలు.

అసలు కిటుకంతా గ్రైండ్ చేయడంలోనే ఉంది, దీన్ని మాత్రం జాగ్రత్తగా చదవండి, బాదంతో ఏ దేశం వంట చేసినా ఇది పనికొస్తుంది. మరిగే నీళ్ళలో పప్పు ఒక్క నిమిషం వేసి తీసి చల్లనీళ్ళలో పడేస్తే వేళ్ళతో నొక్కగానే తొక్క జారిపోతుంది. రాత్రంతా నానబెట్టొద్దు, నీళ్ళు పీల్చేసిన పప్పు పొడి అవ్వదు. తొక్క తీశాక బట్ట మీద పరిచి ఫ్యాన్ కింద బాగా ఆరనివ్వాలి, కొరికితే టక్కున విరగాలి. మిక్సీ ఒకేసారి తిప్పేస్తే జార్ వేడెక్కి పప్పులోంచి నూనె బయటికొచ్చేస్తుంది, నూనె వదిలిందంటే ఇక అది పొడి అయ్యే ప్రసక్తే లేదు, సాగే వెన్న అయిపోతుంది. కాబట్టి చక్కెర పొడిలో సగం పప్పుతోనే వేసేయండి, అది నూనెని పట్టి ఉంచుతుంది, రెండు సెకన్లు తిప్పడం ఆపడం, అంచులకి అంటుకున్నది స్పూన్‌తో లాగడం, మళ్ళీ తిప్పడం. జార్ చెయ్యి పెట్టి చూస్తే వెచ్చగా తగిలిందా, మూత తీసి పది నిమిషాలు పక్కన పెట్టేయండి. చివర్లో జల్లెడ పట్టి, మిగిలిన రవ్వని ఇంకోసారి తిప్పండి.

ఆ పొడికి మిగతా చక్కెర, రోజ్‌వాటర్ చేర్చి చపాతీ పిండి కలిపినట్టు ముద్ద చేసి, గట్టిగా చుట్టి ఒక రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు గోలీలంత ఉండలు చేసి కోకో పొడిలో దొర్లించేయండి. వీటిని ఇక్కడ మార్జిపాన్ బంగాళదుంపలు అంటారు, క్రిస్మస్ నెలంతా ప్రతి సూపర్‌మార్కెట్లో కవర్లలో ఉంటాయి. గుడ్డు లేదు, ఓవెన్ లేదు, మీ అత్తగారు హాయిగా తినొచ్చు.

కొనేటప్పుడు మాత్రం పెర్సిపాన్ అని ఇంకోటుంటుంది, అది బాదం కాదు, ఆప్రికాట్ పీచ్ గింజల లోపలి పప్పుతో చేసే చవక రకం. మార్జిపాన్ తయారీకి వాడే ముడి ముద్దలో చక్కెర 35 శాతం దాటకూడదని ఇక్కడ రూల్ ఉంది, తర్వాత కలిపే చక్కెర కంపెనీని బట్టి మారుతుంది, బాదం ఎక్కువున్నదే కొనాలి.


గోదారి_వంటిల్లు:

బుజ్జీ ఎంత ఓపిగ్గా రాశావమ్మా, చాలా థాంక్స్. జార్ వేడెక్కడం గురించి ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మా పిల్లలకి ఉండలు చేసే పని అప్పగిస్తా. ఉప్పు పులుపు ఉండేవి ఏమైనా ఉన్నాయా అండీ ఎవరికైనా తెలిస్తే, బాదం అంటే స్వీట్ ఒక్కటేనా?


మాలగా_నుంచి:

ఉన్నాయండి, ఎందుకు లేవు. నేను స్పెయిన్ దక్షిణాన మాలగాలో ఉంటున్నా, మావారి ఉద్యోగం ఇక్కడ. ఈ ఊళ్ళో ఎండాకాలం అహోబ్లాంకో అని చల్లటి తెల్ల సూప్ చేస్తారు. పచ్చి బాదం, వెల్లుల్లి, నిలవ బ్రెడ్, ఆలివ్ నూనె, వెనిగర్, ఉప్పు, చల్లనీళ్ళు. పొయ్యి వెలిగించే పనే లేదు. పైన తెల్ల ద్రాక్షపళ్ళు వేసి ఇస్తారు, కొందరు కర్బూజ ముక్కలు వేస్తారు. మొదటిసారి చెంచా నోట్లో పెట్టుకున్నప్పుడు వెల్లుల్లి ఘాటు, వెంటనే బాదం కమ్మదనం, మధ్యలో ద్రాక్ష పటుక్కున చిట్లి తీపి, నాకైతే ఆ రోజు నుంచి ఇదంటే ప్రాణం. మాలగా కొండల్లో అల్మాచర్ అనే పల్లె ఉంది, అక్కడ సెప్టెంబర్‌లో ఈ సూప్‌కే ఒక జాతర చేస్తారు, ఆ కొండల మీద బాదం చెట్లూ ద్రాక్ష తీగలే ఎక్కువ, ఏది పండితే అదే గిన్నెలోకి వచ్చింది.

స్పెయిన్ చల్లటి సూప్ అనగానే అందరూ టమాటా వేసిన ఎర్ర గజ్‌పాచో అంటారు గానీ టమాటా వచ్చింది అమెరికా ఖండం నుంచి, అంటే 1492 తర్వాతే. అంతకుముందు ఈ బ్రెడ్డు, వెల్లుల్లి, నూనె, వెనిగర్ దంచుకునే రకమే. దక్షిణ స్పెయిన్‌ని వందల ఏళ్ళు అరబ్బులు ఏలారు కదా, బాదం వాడకం ఇంతగా పెరిగింది వాళ్ళ కాలంలోనే, ఇక్కడ సగం స్వీట్లు చూస్తే అర్థమైపోతుంది.

నలుగురికి కొలత చెప్తా. తొక్క తీసిన బాదం 150 గ్రాములు, అంచులు తీసేసిన నిన్నటి బ్రెడ్ నాలుగు స్లైసులు నీళ్ళలో తడిపి పిండింది, వెల్లుల్లి ఒక్క రెబ్బ (మన చిన్న రెబ్బలైతే రెండు), ఉప్పు. ముందు వీటిని కొంచెం నీళ్ళతో మెత్తగా రుబ్బి, మిక్సీ తిరుగుతుండగానే అర కప్పు ఆలివ్ నూనె సన్నటి ధారగా పోయాలి, అప్పుడే తెల్లగా క్రీములా కలుస్తుంది, ఒకేసారి గుమ్మరిస్తే నూనె పైన తేలిపోతుంది. ఆఖర్న రెండు చెంచాల వెనిగర్, ముప్పావు లీటర్ చల్లనీళ్ళు పోసి రెండు మూడు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. ఇక్కడ షెర్రీ వెనిగర్ వేస్తారు, మీకు యాపిల్ వెనిగర్ సరిపోతుంది. ఆలివ్ నూనె బదులు వేరుశెనగ నూనె మాత్రం వేయొద్దు, ఆ వాసన మొత్తం కమ్మేస్తుంది.

బుజ్జి గారు చెప్పిన మిక్సీ జాగ్రత్త దీనికి అక్కర్లేదు, ఎందుకంటే ఇందులో నూనె బయటికి రావడమే మనకి కావాలి, మీరు రాత్రంతా నానబెట్టిన పప్పే ఇందులో ఇంకా బాగా నలుగుతుంది.

గుడ్డు పడేదైతే శాంటియాగో కేకు, గలీసియాలో చేస్తారు. కాలినడకన శాంటియాగో గుడికి వెళ్ళే యాత్రికులు అక్కడికి చేరాక తినేది ఇదే. మైదా అస్సలు వేయరు. బాదం పొడి 250, చక్కెర 250, గుడ్లు ఐదు, నిమ్మతొక్క తురుము, చిటికెడు దాల్చినచెక్క పొడి, 175 డిగ్రీల దగ్గర 35 నిమిషాలు, పైన సిలువ ఆకారం కాగితం పెట్టి చక్కెర పొడి జల్లి కాగితం లేపేస్తారు. 2010 నుంచి దీనికి యూరప్‌లో జీఐ లాంటి గుర్తింపు (ఫలానా ప్రాంతానిదే అని ఇచ్చే ముద్ర) ఉంది, ఆ పేరుతో అమ్మాలంటే బరువులో కనీసం మూడో వంతు బాదం ఉండాలి.

క్రిస్మస్‌కి టురోన్ అని తేనె, బాదం, గుడ్డు తెల్లసొనతో చేసే పట్టీ ఉంటుంది, అలికాంటే రకం పప్పులు విడివిడిగా కనిపిస్తూ గట్టిగా ఉంటుంది, హిహోనా రకం అదే పట్టీని నూరి మళ్ళీ ఉడికించి మెత్తగా చేస్తారు. ఇంట్లో చేయడం కష్టం, దొరికితే కొనుక్కోండి.


పాతబస్తీ_పోరడు:

దేశాలు దేశాలు తిరుగుతున్నరు గానీ మన హైదరాబాద్ పాతబస్తీకి రాండి ఒక్కసారి. బాదం కీ జాలీ తిన్నరా ఎవరన్నా? నేను పుట్టి పెరిగింది ఇక్కడే, మా ఇంటి పక్కన పెండ్లి అయితే ఆ డబ్బా మా ఇంటికి రాకుండ ఉండదు. బుజ్జి చెప్పిన మార్జిపాన్‌కి ఇది సొంత చెల్లెలే, గా బాదం చక్కెర ముద్దనే, కానీ పనితనం చూడాలె. ముద్దని కాగితం అంత పల్చగ ఒత్తుతరు, చిన్న చిన్న ఇత్తడి అచ్చులతోని పూవులు, నెలవంకలు కోస్తరు, కింద ఒక పొర పెట్టి దాని మీద వెండి రేకు, దాని మీద చిల్లులు కోసిన పొర. గా చిల్లుల్ల నుంచి లోపలి వెండి మెరుస్తది. తర్వాత సన్న సెగ మీద కొంచెం సేపు కాలుస్తరు, అంచులు గోధుమరంగుకి తిరగంగనే తీసేస్తరు. పైన కరకర, లోపల మెత్తగ. ఒక్కొక్క ముక్క చేతితోని చేయాలె, మెషిన్ పని కాదు, గందుకే అది షాపుల్ల ఎక్కువ దొరకది, ఆర్డర్ ఇస్తె ఇళ్ళల్ల చేసి ఇస్తరు.

గట్లనే అష్రఫీ అని ఇంకోటి ఉంది, నిజాం కాలం నాణెం లెక్క గుండ్రంగ ఉంటది, ఆసఫ్‌జాహీ నాణెం మీద ఉన్న ముద్రనే దాని మీద కూడ ఒత్తుతరు. కుంకుమపువ్వు పడుతది కాబట్టి రంగు కూడ బంగారం లెక్కనే.

ఇప్పుడు బాధ ఏందంటె బాదం రేటు చూసి చాలామంది జీడిపప్పు కలుపుతున్నరు, కొందరు మొత్తం జీడిపప్పే వేసి పేరు మాత్రం బాదం అని చెప్తున్నరు. గోవాల కూడ పోర్చుగీసోళ్ళు నేర్పిన మార్జిపాన్‌ని జీడిపప్పుతోనే చేస్తరు, కానీ అక్కడ బాదం దొరక్క, తోటలల్ల జీడిమామిడి ఉంది కాబట్టి అట్ల మారింది, వాళ్ళు దాచేది ఏం లేదు. ఇక్కడ బాదం పైసలు తీస్కొని జీడిపప్పు పెట్టుడు నాకు అస్సలు నచ్చదు. నోట్లె ఏస్కుంటనే తెల్సిపోతది, జీడిపప్పు నాలుకకి అంటుకుంటది, బాదం సన్న రవ్వ తగిలి కరుగుతది.

కుబానీ కా మీఠా అందరికీ తెల్సు కదా. అండ్ల మా అమ్మ ఎండు ఆప్రికాట్ల గింజలు పడేయది, రాయితోని కొట్టి లోపలి పప్పు తీసి, తొక్క ఒలిచి పైన చల్లుతది. చూడనీకి చిన్న బాదం లెక్కనే ఉంటది, పెండ్లిళ్ళల్ల గా పప్పు కనిపిస్తెనే అది పద్ధతిగ చేసిన మీఠా అని అంటరు పెద్దోళ్ళు.


తీరం_ఊరు:

నాదొక డౌటండి. మా స్కూల్ ఆవరణలో పెద్ద బాదం చెట్టుండేది, ఎర్రగా పండిన కాయలు రాలితే ఏరుకుని పైన కండ చీకి టెంకని రాయితో కొట్టి లోపల సన్నటి పప్పు తినేవాళ్ళం, ఆ ఆకుల్లోనే వినాయకచవితి ప్రసాదం పెట్టేవాళ్ళు. ఇప్పుడు మా పెరట్లో కూడా ఒకటి వేశా, కాయలు బస్తాలకొద్దీ వస్తున్నాయి, ఆ పప్పుతో ఈ మార్జిపాన్ లాంటివి చేయొచ్చా?


శ్రీనగర్_చూసినవాడు:

అది వేరే చెట్టండి. మన కోస్తా అంతా కనిపించేది నాటు బాదం, అంతస్తులు అంతస్తులుగా కొమ్మలు, రాలే ముందు ఎర్రబడే పెద్ద ఆకులు. దానికీ షాపులో కొనే బాదానికీ చుట్టరికమే లేదు. కొనే బాదం పీచ్, ఆప్రికాట్ల కుటుంబం, దానికి చలికాలం గట్టిగా ఉండాలి, చలి తగలకపోతే పూత రాదు. నాటు బాదం పప్పు తినొచ్చు, రుచి కూడా బాగుంటుంది, కానీ టెంక కొట్టి కొట్టి చేతులు నొప్పెట్టాలే గానీ గుప్పెడు పప్పు రావడానికి పూట పడుతుంది. వేయించి పిల్లలకి పెట్టుకోండి, స్వీట్ల దాకా అవసరం లేదు.

అసలు బాదం పూత చూడాలంటే మార్చిలో శ్రీనగర్ వెళ్ళండి. కోటకొండ కింద బాదామ్‌వారీ అని తోట ఉంది, ఆకు ఇంకా రాకముందే కొమ్మలన్నీ తెలుపు, లేత గులాబీ పూలతో నిండిపోతాయి, జనం చాపలేసుకుని చెట్ల కింద కూర్చుని కహ్వా తాగుతారు. గ్రీన్ టీ, కుంకుమపువ్వు, యాలకులు, దాల్చినచెక్క కలిపి మరిగించి, కప్పులో పోశాక పైన సన్నగా చీల్చిన బాదం వేస్తారు. తాగడం అయ్యాక అడుగున మిగిలిన బాదం నమలడమే దాంట్లో బాగుండేది. పాలు పోయరు. అడిగిన అక్కకి ఇది అన్నిటికన్నా తేలిక.


డెన్మార్క్_కోడలు:

పిల్లలకి చెప్తూ తినిపించాలి అన్నారు కదా, అయితే మీకు కావాల్సింది ఖచ్చితంగా రిసలమాండ్. డెన్మార్క్‌లో డిసెంబర్ 24 రాత్రి ప్రతి ఇంట్లో భోజనం చివర ఇదే. చిన్న గింజ బియ్యాన్ని పాలల్లో సన్న మంట మీద బాగా మెత్తగా ఉడికించి, పూర్తిగా చల్లారాక, బీట్ చేసిన క్రీము, చక్కెర, వెనిల్లా, చితక్కొట్టిన బాదం కలుపుతారు. పైన వేడి వేడి చెర్రీ పళ్ళ సాస్ పోస్తారు, కింద చల్లగా పైన వేడిగా. గుడ్డు లేదు.

అయితే గమ్మత్తంతా ఒక్క పప్పులో ఉంది. మొత్తం గిన్నెలో ఒకే ఒక్క బాదం మాత్రం తొక్క తీసి నలగ్గొట్టకుండా నిండుగా వేస్తారు. అది ఎవరికొస్తే వాళ్ళకి బహుమతి, ఎక్కువగా మార్జిపాన్ పందిపిల్లే ఇస్తారు. దొరికినవాళ్ళు ఎవరికీ చెప్పరు, బుగ్గలో దాచుకుని ఏమీ ఎరగనట్టు తింటూనే ఉంటారు, మిగతావాళ్ళు పప్పు తగుల్తుందేమోనని కడుపు నిండినా ఇంకో చెంచా ఇంకో చెంచా అని గిన్నె ఖాళీ చేసేస్తారు, అప్పుడు బుగ్గలోది తీసి చూపిస్తారు. మా అత్తగారు, ఆవిడ డేనిష్, డెబ్భై దాటిన మనిషి, పప్పు బుగ్గలో పెట్టుకుని నాతో వాతావరణం గురించి ఎంత మామూలుగా మాట్లాడిందో, నాకు ఇసుమంత కూడా అనుమానం రాలేదు. మీ ఇంట్లో అంతమంది పిల్లలు ఉన్నారంటున్నారు, చేసి చూడండి, చెప్పనక్కర్లేదు. చెర్రీలు దొరక్కపోతే నల్ల ద్రాక్షని చక్కెర, కొంచెం కార్న్‌ఫ్లోర్ వేసి ఉడికించి పోయండి. మరీ చిన్నపిల్లలుంటే మాత్రం పక్కనే ఉండి చూసుకోండి, నిండు పప్పు గొంతులో అడ్డం పడొచ్చు.

పక్కనే స్వీడన్‌లో సెమ్లా అని యాలకుల బన్ను ఉంటుంది, పైన టోపీలా కోసి లోపల గుజ్జు కొంచెం తీసేసి బాదం ముద్ద నింపి, క్రీము పెట్టి టోపీ మూసేస్తారు. ఈస్టర్ ముందు నలభై రోజుల ఉపవాసం మొదలయ్యే ముందు మంగళవారం నాటి వంటకం, ఇప్పుడైతే జనవరి నుంచే బేకరీల్లో పెట్టేస్తున్నారు. 1771లో అడాల్ఫ్ ఫ్రెడరిక్ అనే రాజు భారీ విందు చేసి చివర్లో వేడిపాలల్లో వేసిన ఈ బన్నులు బోలెడన్ని తిని అదే రోజు చనిపోయాడని అక్కడ చిన్నపిల్లలు కూడా చెప్తారు.

ఉపవాసం అంటే గుర్తొచ్చింది, బాదమే ఎందుకు అని అడిగారు కదా. పాతకాలం యూరప్‌లో ఆ ఉపవాస రోజుల్లో మాంసంతో పాటు పాలు, వెన్న, గుడ్లు కూడా నిషేధం. అప్పుడు ఉన్నవాళ్ళ ఇళ్ళల్లో ఆవుపాల బదులు బాదం రుబ్బి పిండిన పాలు వాడేవాళ్ళు. పైగా ఫ్రిజ్ లేని రోజుల్లో ఆవుపాలు విరిగిపోతాయి, బాదం ఇంట్లో ఉంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు పాలు తీసుకోవచ్చు. యూరప్ పాత వంటల్లో బాదం పాలు అంత ఎక్కువగా కనిపించేది అందుకే.


దోహా_చెఫ్:

బ్రదర్స్ సిస్టర్స్, నేను దోహాలో కేటరింగ్ కిచెన్‌లో పనిచేస్తున్నా, మాది కడప. మా కిచెన్‌లో మొరాకో చెఫ్ ఒకాయన ఉన్నాడు, రంజాన్ వస్తే ఆయన ఇంటినుంచి డబ్బా వస్తుంది, దాంట్లో సెల్లూ ఉంటుంది. గోధుమపిండిని ఓవెన్‌లో ఎర్రగా వేయిస్తారు, బాదంని తొక్కతోనే నూనెలో వేయించి కొంత మెత్తగా కొంత బరకగా దంచుతారు, వేయించిన నువ్వులు, దాల్చినచెక్క, సోంపు, తేనె, కరిగిన వెన్న. అన్నీ కలిపితే మన సున్నుండల పిండి ఉండ చుట్టక ముందు ఎలా ఉంటుందో అలా ఉంటుంది, గోపురంలా పేర్చి పైన వేయించిన బాదం గుచ్చుతారు, చెంచాతో తీసుకుని తింటారు. రోజంతా ఉపవాసం ఉన్నోళ్ళకి, బాలింతలకి బలం అని పెడతారంట. నెలల తరబడి పాడవదు. అక్కా దీనికి గుడ్డూ లేదు, ఓవెన్ లేకున్నా మూకుట్లో సన్న మంట మీద పిండి వేయించుకోవచ్చు, కాకపోతే అరగంట పైన తిప్పుతానే ఉండాల, పక్కకి పోయినారంటే అడుగంటుతుంది.

పప్పు తొక్కతో వేయించేటప్పుడు ఒకటి చూసుకోండి, పైన రంగు నమ్మొద్దు, తొక్క ముందే గోధుమరంగు కదా. ఒక పప్పు తీసి అడ్డంగా కోస్తే లోపల లేత తేనె రంగు వచ్చుంటే వెంటనే నూనెలోంచి తీసేయాల, తీసినాక కూడా ఆ వేడికి ఇంకొంచెం వేగుతుంది.

అమ్లూ అని ఇంకోటి ఉంది, మొరాకో దక్షిణాన సూస్ అనే ప్రాంతం వాళ్ళది. వేయించిన బాదం తిరగలిలో నూరి ఆర్గాన్ నూనె, తేనె కలిపి పొద్దున్నే రొట్టెతో అద్దుకుని తింటారు. ఆర్గాన్ చెట్లు ఉండేది ఎక్కువగా ఆ పక్కనే, నూనె ఖరీదు, మీకు దొరికినా తలకి పూసుకునేది కాకుండా వంటకి వాడేదా కాదా చూసుకుని కొనండి.

కారం తీపి కలిసింది కావాలంటే బస్తీలా. కాగితం లాంటి పొరల మధ్య ఉడికించిన కోడిమాంసం (పాత పద్ధతిలో పావురం), గుడ్డు, పైన వేయించిన బాదం పొడి చక్కెరతో కలిపి, మూసి కాల్చి, మీద చక్కెర పొడి, దాల్చినచెక్క గీతలు. పెళ్ళిళ్ళలో పెడతారు. మాంసం మీద చక్కెరేంది అనుకోవద్దు, తిన్నాక మాట్లాడండి.

మీ తమ్ముడు తెచ్చిన కాలిఫోర్నియా బాదం గురించి ఒక మాట. ప్రపంచంలో పండే బాదంలో దగ్గర దగ్గర 80 శాతం ఆ ఒక్క రాష్ట్రంలోనే పండుతుంది, కానీ ఇక్కడ మీరంతా చెప్పిన పాత వంటల్లో ఒక్కటి కూడా అక్కడిది లేదు చూడండి. పంట అక్కడ, వంట ఇక్కడ.


గోదారి_వంటిల్లు:

అందరికీ ఎంతో థాంక్స్ అండి, మా పిల్లలు అప్పుడే అట్లాస్ తీసి మాలగా ఎక్కడ, ల్యూబెక్ ఎక్కడ అని వెతుకుతున్నారు. రేపు రాత్రికి రిసలమాండ్ ఖాయం, పిల్లలకి ఆ ఒక్క పప్పు సంగతి ముందే చెప్పేశా, ఇప్పట్నుంచే పోట్లాడుకుంటున్నారు. అత్తగారికి మార్జిపాన్ ఉండలు, సెల్లూ. ఆదివారం ఎండగా ఉంటే అహోబ్లాంకో. పాతబస్తీ తమ్ముడూ, మా ఇంట్లో ఎండు ఆప్రికాట్లు కూడా ఉన్నాయి, కుబానీ చేసి గింజలు కొట్టే పని మా పెద్దాడికి ఇద్దామనుకుంటున్నా. ఆ పప్పు పిల్లలు ఊరికే తినేయొచ్చా?


హాంబర్గ్_బుజ్జి:

అక్కా పాతబస్తీ అన్న చూసేలోపు నేను చెప్తున్నా, ముందు మీరు ఒక పప్పు కొంచెం కొరికి చూడండి. తియ్యగా బాదంలా ఉంటే పైన చల్లడానికి వాడండి. చేదుగా అనిపించిందంటే ఆ ప్యాకెట్ గింజలన్నీ పడేయండి, పిల్లల చేతికి అస్సలు ఇవ్వొద్దు. ఆప్రికాట్ గింజల్లో, చేదు బాదంలో అమిగ్డాలిన్ అని ఉంటుంది, నమిలినప్పుడు అది సైనైడ్‌గా మారుతుంది, పెద్దవాళ్ళకే కొన్ని పప్పులతో ఇబ్బంది అవుతుంది, చిన్నపిల్లలకి ఇంకా తక్కువతోనే. తియ్యటివి అనుకున్నా గుప్పెళ్ళకొద్దీ తిననివ్వకండి, ఒక్కో గింజ ఒక్కోలా ఉండొచ్చు. మీ తమ్ముడు తెచ్చిన బాదంతో ఆ భయం లేదు, అవి తీపి రకమే.


పాతబస్తీ_పోరడు:

బుజ్జి చెప్పింది కరెక్ట్. మా అమ్మ కూడ ప్రతి సంచిల నుంచి రెండు మూడు కొట్టి నోట్లె ఏస్కొని చూసినంకనే మిగతావి కొట్టనిస్తది. ఇంకోటి, గింజని పడుకోబెట్టి కొట్టొద్దు, పప్పు నుజ్జు అయితది, అంచు మీద నిలబెట్టి బట్టల పట్టుకొని ఒక్కటే దెబ్బ వేయమనండి మీ పెద్దోడిని.